అధ్యక్షుల తరవాత ఎవరూ మాట్లాడకూడదు

ఇలాంటివి ఉద్యోగ విరమణ చేసినవాళ్లు రాస్తారు. నాకింకా ముప్పై నిండలేదు. పాప కడుపున పడ్డాక సంఘంలో పని మానేశాను కాబట్టి నా మటుకు నేనూ రిటైరైనట్టే. నా తరవాత ఆ కుర్చీలో కూర్చున్న విమల అనే అమ్మాయి మొన్న ఇంటికొచ్చి, "అక్కా, ఈ పనిలో ఎక్కడెక్కడ జాగ్రత్తగా ఉండాలో చెప్పండి" అంది. మైకుల సంగతి, రైళ్ల వేళలు, ఏ హాలు తాళం ఎవరింట్లో ఉంటుందో చెప్పి పంపించాను. ఆ అమ్మాయి వీధి మలుపు తిరిగాక అనిపించింది, చెప్పాల్సింది ఒక్కటీ చెప్పలేదని.

పాపకి దగ్గు తగ్గలేదు. అది పడుకున్నాక రాస్తున్నాను. మధ్యలో లేచి ఊపిరి ఎలా తీస్తోందో చూసి వస్తున్నాను. రాత అతుకులు అతుకులుగా ఉంటే అందుకే అనుకోండి.

పని ఏమిటంటే

మా సంఘం ఆదివారం సాయంత్రాలు ఉపన్యాసాలు పెట్టేది. ఒక్కో వక్త మూడు ఆదివారాలు మాట్లాడాలి. మొదట తెనాలిలో, తరవాత రేపల్లెలో, చివర బాపట్లలో. ఎక్కడి పండితులనో తీసుకురావడం కాదు, మన చుట్టుపక్కలవాళ్లనే మాట్లాడించాలన్నది సంఘం పెట్టినవాళ్ల పట్టుదల. కరపత్రం మీద "సంస్కృతి, సమాజం" అని ఉండేది. ఆ రెండు మాటల కింద ఏదైనా పట్టేది. కొలకలూరు రైతు ఒకాయన పాతకాలపు పెళ్లిళ్ల గురించి చెప్పి జనాన్ని నవ్వించి నవ్వించి, చివర్లో పోయిన భార్య గుర్తొచ్చి మైకు ముందే ఏడ్చేశాడు. రేపల్లెలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు ఎంతకీ ఆపకపోతే మైకు సెట్టాయన విసిగిపోయి తీగ పీకేశాడు. హెడ్మాస్టారు తొణక్కుండా, "మైకుకి ఓపిక అయిపోయింది, నాకింకా ఉంది" అని గొంతు పెంచి మళ్లీ అందుకున్నారు.

బి.ఏ. అయిన ఏడాది నేను ఇందులో చేరాను. మాది లూథరన్ కుటుంబం, నాన్న బడిపంతులు. "సభల వెంట తిరిగే ఉద్యోగం ఏంటమ్మా" అని గొణిగి, ఆదివారం ఉదయం ఆరాధన మానకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు.

చూసేవాళ్లకి నా పని కుర్చీలు వేయించడం, కరపత్రాలు పంచడం. అసలు పని వేరు. ఎన్నడూ మైకు ముందు నిలబడని మనిషిని ఒప్పించాలి. రైల్లో పక్కన కూర్చుని, భయంతో నోరెండిపోతుంటే మాటల్లో పెట్టాలి. వేదిక దాకా తీసుకెళ్లాలి. ఆ మనిషి మన మాట నమ్మి వస్తాడు. వేదిక దిగాక అతను మళ్లీ ఏ ఇంటికి వెళ్లి ఏ మనుషుల మధ్య బతకాలో మనం ఆలోచించం. విమలా, నేను చెప్పాలనుకున్నది ఇదే. కానీ ఇలా చెబితే తలూపి మర్చిపోతావు. అందుకని గంగాధరం మాస్టారి సంగతి రాస్తున్నాను.

మా కార్యదర్శి

శేషగిరిరావు గారు తెనాలిలో ప్లీడరు. మంచి మనిషి. వెటకారంగా అనడం లేదు. ఆడపిల్లని ఈ ఉద్యోగంలో పెట్టుకోవడానికి సంఘంలో అందరూ వెనకాడితే ఆయన ఒక్కరే నిలబడ్డారు. రైలు ఆలస్యమైన ప్రతిసారీ మనిషిని పంపి నన్ను ఇంటి గుమ్మం దాకా దింపించేవారు.

ఆయన పెట్టిన పద్ధతులు రెండున్నాయి. ఒకటి, చివరి సభకి వక్త సొంతూరి పెద్దల్ని పిలిచి, వేదిక మీద కూర్చోబెట్టి, దండ వేసి శాలువా కప్పడం. వక్తకి ముందు చెప్పేవాళ్లం కాదు. తనవాళ్లని వేదిక మీద చూసి మురిసిపోవాలని.

రెండోది అధ్యక్షోపన్యాసం. మూడు ఊళ్లలోనూ ఆయనే అధ్యక్షులు. వక్త కూర్చున్నాక ఆయన లేచి, చెప్పినదంతా టూకీగా మళ్లీ చెప్పి, వక్త మరిచిపోయినవి తాను "పూరించేవారు". కోర్టులో సాక్షి తడబడితే ప్లీడరు అందించినట్టు ఉండేది. మొదటి రెండు సభలూ విని ఉంటారు కాబట్టి, బాపట్లలో వక్త ఏ ముక్క వదిలేసినా ఠక్కున పట్టుకునేవారు. చాలామంది వక్తలు దానికి దణ్ణాలు పెట్టేవాళ్లు కూడా. అధ్యక్షుల మాట అయ్యాక ఇంకెవరూ మాట్లాడకూడదు. వందన సమర్పణ ఒక్కటే. అది నేను చేసేదాన్ని.

గంగాధరం మాస్టారు

సూర్యలంక దాపున ఒక పల్లె. పేరు రాయను. అంతా పడవల మీద, వలల మీద బతికేవాళ్లు. అక్కడి నుంచి ట్రెయినింగ్ చదివి టీచరైన మొదటి మనిషి గంగాధరం. బాపట్ల పక్క ఊళ్లో ఎలిమెంటరీ బడిలో పని. తండ్రి లేడు. తల్లి మంగమ్మ చేపలమ్మి చదివించింది. ఆయన బడి ఉన్న ఊళ్లో అద్దెకుండేవాడు, ఆవిడ పల్లెలోనే ఉండేది.

ఉపన్యాసానికి పిలవడానికి ప్లీడరు గారూ నేనూ వెళితే మాస్టారి ముఖం వెలిగిపోయింది.

"చిన్నపిల్లలకి లెక్కలు ఎలా చెప్పాలో మాట్లాడతానండి. నేనొక పద్ధతి కనిపెట్టాను, గవ్వలతో" అన్నాడు.

"లెక్కలెవరు వింటారు మాస్టారూ? మీవాళ్ల ఆచారాలు చెప్పండి. మీ కట్టుబాట్లు, మీ పంచాయితీలు. మాకు తెలియనివి" అన్నారు ప్లీడరు గారు.

"తెలియనివే కావాలంటే, మీకు లెక్కలూ తెలియకపోవచ్చుగా సార్" అన్నాడు మాస్టారు.

ప్లీడరు గారు పగలబడి నవ్వారు. విషయం మాత్రం ఆచారాలే అయింది.

ఇది నేను ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చూశాను. టౌను ప్లీడరూ డాక్టరూ దేని గురించైనా మాట్లాడొచ్చు. పడవవాళ్లు, కూలివాళ్లు, మాలాంటి క్రైస్తవులు వస్తే మాత్రం వాళ్ల గురించి వాళ్లే చెప్పుకోవాలి. వినేవాళ్లకి అది జాతర చూసినట్టు. చప్పట్లు కొట్టి ఇళ్లకి పోతారు. తమ ఇళ్ల కట్టుబాట్ల గురించి ఆ వేదిక మీద నోరు విప్పిన ప్లీడర్ని ఒక్కణ్ణి కూడా నేను చూడలేదు.

తెనాలి, రేపల్లె

తెనాలిలో మాస్టారు వలల గురించి, కొత్త పడవని నీళ్లలోకి దింపే రోజు గురించి చెప్పాడు. జనం చెవులప్పగించి విన్నారు. చెబుతూ చెబుతూ ఆగి, మంచినీళ్లు తాగి, "మా పల్లెలో ఒకమ్మాయి సంగతి చెబుతాను" అన్నాడు.

ఆ అమ్మాయి మొగుడు వేటకెళ్లి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. దొరకలేదు కాబట్టి ఆమె ముత్తైదువా కాదు, విధవా కాదు. కొన్నేళ్లు చూసి, రేపల్లెలో బియ్యం మిల్లులో పనిచేసే వేరే కులపు మనిషితో వెళ్లిపోయింది. పల్లె ఆమెను వెలేసింది. ఇక కూతురి ముఖం చూడనని తల్లి పెద్దల ముందు మాటిస్తేనే తల్లిని కులంలో ఉండనిచ్చారు. తల్లి మాటిచ్చింది. అయినా ఎండుచేపలు అమ్ముకునే మిషతో రేపల్లె వెళ్లి, మిల్లు గేటు దగ్గర నిలబడి కూతుర్ని చూసి వస్తోంది. పల్లెలో ఎవరికీ తెలియదు.

ఇంతే చెప్పాడు. పేర్లు లేవు. హాల్లో దగ్గు కూడా వినపడలేదు.

సభ అయ్యాక స్టేషన్లో బండి కోసం కూర్చున్నప్పుడు మాస్టారు తనే అన్నాడు. "ఆ పిల్ల మా చెల్లెలేనండి."

"మరెందుకు చెప్పారు మాస్టారూ?"

"తెనాలిలో నన్నెవరు ఎరుగుదురండి? ఇన్నాళ్లూ గొంతులో ఉండిపోయింది. ఎవరూ ఎరగని చోట బయటికొచ్చేసింది. రేపల్లెలో కూడా చెబుతాను, మా చెల్లెలు వచ్చి వెనక కూర్చుంటానంది. బాపట్లలో మాత్రం ఆ ముక్క ఎత్తను. అక్కడంటే తెల్లారేసరికి పల్లెకి చేరిపోద్ది. మా అమ్మ ఆ పల్లెలోనే బతకాలండి."

ఈ మాట ప్లీడరు గారికి చెప్పాను. ఆ పిల్ల ఎవరో, బాపట్లలో ఎందుకు వద్దంటున్నాడో అంతా చెప్పాను. "అయ్యో, దానికేంటమ్మా. ఆయనిష్టం" అన్నారు.

రేపల్లెలో చెల్లెలు వచ్చింది. సన్నటి మనిషి, తలలో తవుడు దుమ్ము ఇంకా పోలేదు. సభ అయ్యాక నా దగ్గరికొచ్చి, "మా అన్న బాగా చెప్పాడా అండి?" అని అడిగింది.

"నువ్వూ విన్నావుగా?"

"విన్లేదండి. ఊరికే చూస్తా కూర్చున్నా."

బాపట్ల

పల్లె పెద్దల్ని ఎప్పటిలాగే ప్లీడరు గారు తాంబూలం పట్టుకెళ్లి పిలిచారు. మాస్టారు ఎలాగూ ఆ సంగతి ఎత్తడు, పెద్దలు వస్తే పల్లెలో మంగమ్మకి కూడా పరువేనని నేను అనుకున్నాను. ముగ్గురొచ్చారు. వాళ్లలో పెద్దవాడు వీరాస్వామి. కులపెద్ద, మంగమ్మకి వరసకి తమ్ముడు. చలువ పంచె, భుజాన కొత్త తువ్వాలు. నేను కుర్చీ చూపిస్తే వెంటనే కూర్చోలేదు. చేత్తో దాన్ని తడిమి చూశాడు.

"మా నాన్న ఈ హాలు బయట చేపల గంప దించుకునేవాడమ్మా, లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. ఇయ్యాల మావాడు మాట్లాడతంటే మాకు కుర్చీలేశారు" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా.

మాస్టారు వేదికెక్కి వాళ్లని చూశాడు. ఒక్క క్షణం నా వైపు తిరిగాడు. తరవాత చేతులు జోడించి "మామా" అని పలకరించి, మైకు ముందుకెళ్లాడు. వలల గురించి చెప్పాడు. గాలుల గురించి చెప్పాడు. గొంతులో పస లేదు. ముందు వరసలో ఆవులింతలు. తెనాలి సభ సంగతి విన్నవాళ్లెవరో వెనకనుంచి "ఆ అమ్మాయి కథ చెప్పండి మాస్టారూ" అని అరిచారు. మాస్టారు విననట్టు ఊరుకుని, కొత్త పడవ దగ్గరే ముగించి కూర్చున్నాడు. గండం గడిచిందనుకున్నాను.

ప్లీడరు గారు లేచారు. సభ చప్పబడిపోయిందని ఆయనకి బాధ. బాపట్ల పెద్దమనుషులంతా వచ్చిన సభ. టూకీగా చెప్పవలసిందంతా చెప్పి, మైకు మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అన్నారు.

"మాస్టారు మొహమాటం కొద్దీ ఒక ముఖ్య విషయం వదిలేశారు. పేర్లు లేకుండా నేను మనవి చేస్తాను."

నేను పక్కనుంచి "సార్, సార్" అంటూనే ఉన్నాను. మైకు ముందు ఉన్న మనిషికి పక్కవాళ్ల మాట వినపడదు. పడవ తిరిగి రాకపోవడం దగ్గర్నుంచి మొత్తం చెప్పారు. నిజం చెప్పాలంటే మాస్టారికన్నా బాగా చెప్పారు. "పెద్దల కట్టుబాటు ఒక పక్క, కన్నపేగు ఒక పక్క. ఆ తల్లి ఈనాటికీ ఎండుచేపల గంపతో రేపల్లె వెళ్లి, మిల్లు గేటు దగ్గర కూతుర్ని చూసుకుని వస్తోందండీ! అదండీ తల్లి మనసంటే!" అన్నారు.

హాలంతా చప్పట్లు.

వీరాస్వామి దండతోనే లేచి నిలబడ్డాడు. "అయ్యా, నేనొక మాట అడగాల" అన్నాడు.

"కూర్చోండి పెద్దాయనా. అధ్యక్షుల తరవాత మాట్లాడే పద్ధతి లేదండి" అని, నా వైపు తిరిగి, "ఊఁ, వందన సమర్పణ కానివ్వమ్మా" అన్నారు.

నేను మైకు దగ్గరికెళ్లాను. వక్తకి, అధ్యక్షులకి, మైకు సెట్టాయనకి, దూరం నుంచి శ్రమపడి వచ్చిన పల్లె పెద్దలకి వందనాలు చెప్పాను. వేదిక మీద అందరూ తలలు వంచి వందనాలు అందుకున్నారు, వీరాస్వామి తప్ప.

హాలు మెట్ల మీద ఆయన ప్లీడరు గారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏం ప్లీడరు గారూ, మీ ఇంటి ఆడోళ్ల సంగతులు కూడా ఈ మైకులోనే చెప్పుకుంటారా?"

"నేను పేరు చెప్పలేదు కదయ్యా."

"పేరెందుకు? మా పల్లెలో అట్టా పోయింది ఒక్కతేగా." తరవాత మేనల్లుడి వైపు తిరిగాడు. "దీనికా నిన్ను చదివించింది?"

"మామా, అమ్మనేం అనొద్దు. నన్నేమన్నా చెయ్యండి."

"నిన్నేం చేస్తాంరా? నువ్వు నెలజీతం తీసుకునేవాడివి. ఊళ్లో అద్దెకుంటావు."

శాలువా మడత పెట్టి మెట్టు మీద ఉంచి, దండ తీసి నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. చేతికిచ్చేటప్పుడు కూడా "తీసుకో అమ్మా" అన్నాడు. ఆయన మీద నాకు కోపం రావాలని చాలాసార్లు ప్రయత్నించాను. మంగమ్మని తలుచుకుంటే వస్తుంది. ఆ కుర్చీని తడిమిన చెయ్యి గుర్తొస్తే ఆగిపోతుంది.

తరవాత

మంగమ్మని వెలేశారు. నిప్పు ఇవ్వరు, నీళ్ల దగ్గరికి రానివ్వరు, పలకరిస్తే పలకరు. మా ప్లీడరు గారు నిజంగానే కుమిలిపోయారు. పళ్లు తీసుకుని పల్లెకి వెళ్లారు. ఎవరూ మాట్లాడకపోతే మంగమ్మ దగ్గరికెళ్లి, "చట్టం ఉందమ్మా, కేసు వేద్దాం, ఫీజక్కర్లేదు" అన్నారట.

"ఎవరి మీద బాబూ? నా తమ్ముడి మీదా?" అందట ఆవిడ.

మాస్టారు తల్లిని తన ఇంటికి తీసుకెళ్లాడు. నాలుగు రోజులుండి వెనక్కి వచ్చేసింది. సముద్రం చప్పుడు లేకపోతే నిద్ర పట్టడం లేదంది. ఇక దాచేదేముంది, కూతుర్ని బాహాటంగానే చూసి రావచ్చనుకుని రేపల్లె వెళ్లింది. మిల్లులో కూతురు లేదు. తన వల్లే అమ్మకి ఈ గతి పట్టింది, తను కనపడకుండా పోతే అమ్మని మళ్లీ కులంలో కలుపుకుంటారని అన్నకి చెప్పి, మొగుడితో ఎక్కడికో వెళ్లిపోయింది. ఎక్కడికో అన్నకీ చెప్పలేదు. పల్లె మంగమ్మని కలుపుకోలేదు.

సంఘం ఆగలేదు. మరుసటి నెల ఇంకో వక్త, ఇంకో విషయం. వక్త వదిలేసినవి పూరించడం మానమని ప్లీడరు గారిని అడిగాను. "ఒక్కచోట పొరపాటు జరిగిందని పద్ధతి మార్చేస్తామా అమ్మా?" అన్నారు. ఇప్పటికీ ఆయనే అధ్యక్షులు.

విమలా, వక్తని కలిసినప్పుడు విషయం అడిగే ముందు ఇంట్లో ఎవరెవరుంటారో, ఎక్కడుంటారో అడుగు. వాళ్లు ఏది మాట్లాడతామంటే అదే మాట్లాడనివ్వు. గవ్వలతో లెక్కలైతే గవ్వలతో లెక్కలే. ఎక్కడ ఆగితే అక్కడ ఆగనివ్వు. అధ్యక్షులు అందుకోబోతే మైకు తీగ పీకించు. ఉద్యోగం పోతే పోతుంది. చదువుకున్నదానివి, ఇంకోటి దొరుకుతుంది.

పాప పుట్టాక ధైర్యం వస్తుందని అందరూ అన్నారు. నాకు భయం వచ్చింది. నా పాప గురించి ఎక్కడో ఎవరో మంచి మనసుతో ఏదో చెప్పేస్తారని, అందరూ చప్పట్లు కొడతారని భయం.

ఉద్యోగం మానేసే ముందు ఒకసారి ఆ పల్లెకి వెళ్లాను. పొద్దున్నే. ఇసుక మీద మంగమ్మ చేపల గంప ముందు గొంతుక్కూర్చుని ఉంది. పల్లె పడవలవాళ్లు ఆవిడకి చేపలివ్వరు కాబట్టి పక్క పల్లె దాకా నడిచి కొనుక్కొచ్చుకుంటోంది. అక్కడివాళ్లు నెత్తికెత్తారు, దారిలో దించుకుంది, ఇక లేపలేకపోతోంది. నిండు గంప ఏ ఆడదీ తనంతట తను నెత్తికెత్తుకోలేదు. ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. ఆ చెయ్యి వెయ్యకపోవడమే వెలి అని అప్పుడు తెలిసింది. పక్కనుంచి ఆడవాళ్లు వరసగా గంపలు ఎత్తుకుని పోతున్నారు. ఒకరి గంపకి ఒకరు చెయ్యి వేస్తున్నారు. ఎవరూ ఇటు చూడలేదు.

"నేను ఎత్తుతానమ్మా" అని వంగబోయాను.

"ఆగు తల్లీ. ఒట్టి మనిషివి కాదు" అంది నా కడుపు చూసి. "అయినా ఇయ్యాల నువ్వెత్తుతావు. రేపు?"

ఆవిడ గంపలోంచి చేపలు తీసి ఇసుక మీద వెయ్యడం మొదలుపెట్టింది. కొన్ని తీసి, గంప కదిపి చూసింది. ఇంకొన్ని తీసింది. మళ్లీ కదిపింది. సగం పైగా ఖాళీ అయ్యాక మోకాలి మీదికి లాక్కుని, అక్కణ్ణుంచి భుజానికి, భుజాన్నుంచి నెత్తికి ఒక్కతే ఎత్తుకుని లేచింది.

"మరి ఇవన్నీ?" అన్నాను ఇసుక మీద చేపలు చూపించి.

"కాకులు తింటాయి. అవి నన్ను వెలెయ్యలేదుగా" అంది, అప్పటికే బాపట్ల రోడ్డు వైపు నడుస్తూ.